పెట్రోలు మూత కింద రబ్బరు

మీ తాత నాకు మొగుడు కాకముందే మేనత్త కొడుకు. ఇప్పటికీ నేను బావా అనే పిలుస్తాను, కాబట్టి నువ్వూ బావ అనే రాయవే.

డిప్పలా గుండ్రంగా ఉండే మన తాబేలు కారు నువ్వెరిగిందే. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను, దానికి ఇంజిను వెనక, పెట్రోలు ట్యాంకు ముందు. నీళ్ళు పొయ్యక్కర్లేదు, గాలికే చల్లబడుతుంది. మనింట్లో పుట్టిన ప్రతి బిడ్డా అమ్మమ్మగారింటి నుంచి అందులోనే వచ్చింది. మీ నాన్న వచ్చాడు, నువ్వొచ్చావు. పోయినేడు మీ చెల్లిని శృంగవరపుకోట నుంచి తెచ్చే వేళకి సరిగ్గా అది మొరాయించింది. కొంతదూరం బాగా పోతుంది. తర్వాత దగ్గి దగ్గి ఆగిపోతుంది. కాసేపు వదిలేస్తే మళ్ళీ లేస్తుంది.

“పసిబిడ్డని ఎండలో రోడ్డు మీద కూకోబెడతావేటి నాన్నా? టాక్సీ మాటాడేస్తాను” అన్నాడు మీ నాన్న.

“రేపు ఆమదాలవలస దాకా నడిపి సూసొస్తాను. దార్లో ఆగితే టాక్సీయే. నానేటీ అనను” అన్నాడు బావ. అన్నాడు కానీ ఆ పూట అన్నం కెలికి వదిలేశాడు.

ఆ మనిషి ఓపిక చూడాలి! కార్బురేటర్ విప్పి, పెట్రోలు వెళ్ళే సన్న జెట్టుని నోటితో ఊది, వెలుగుకి పెట్టి చూశాడు. అందులో తీగ మాత్రం దూర్చనివ్వడు, కన్నం పెద్దదైపోతుందట. తీసిన ప్రతి మరనీ పాత పంచె మీద వరసగా పేర్చాడు, దేవుడి నగలు కడిగి ఆరబెట్టినట్టు.

మర్నాడు నేనూ ఎక్కాను. ఆమదాలవలస ఇంకా కనబడనే లేదు, కారు దగ్గడం మొదలెట్టింది. పొలాల పక్కన ఆగిపోయింది. వేడికేమోనని పెట్రోలు పంపు మీద తడిగుడ్డ వేశాడు. లాభం లేకపోయింది.

“అయిపోనాది బావా. టాక్సీకే సెప్పేద్దాం.”

“నువ్వుండే. ఆ సీసా పట్టుకో.”

ట్యాంకు నుంచి పంపుకొచ్చే గొట్టం ఊడదీసి నా చేతిలో సీసాలోకి పెట్టాడు. ధారగా రావలసిన పెట్రోలు నాలుగు చుక్కలు రాలి ఆగిపోయింది.

“కార్బురేటర్ది తప్పు నేదే. దాని దాకా రాందే అదేటి సేస్తాది?” అని ముందుకెళ్ళి ట్యాంకు మూత వదులు చేశాడు. ఉస్సుమని గాలి లోపలికి లాక్కున్న చప్పుడు నాకు వెనక్కి వినబడింది.

“బావా, వస్తన్నాది! సెయ్యంతా పెట్రోలే!”

గొట్టం తగిలించి, మూత తిప్పి అడుగునున్న రబ్బరు చూశాడు. బిడ్డకి పెట్రోలు కంపు తగలకూడదని, సైకిల్ ట్యూబు కోసి ఆ మూతకి బిగించింది తనే.

“ఒసే, నూని డబ్బాకి రెండో కన్నం ఎందుకెడతావు?”

“గాలెల్లకపోతే నూని రాదు కదేటి.”

“ఈ మూతకున్న ఆ గాలి కన్నమే నాను రబ్బరుతో మూసేసినాను.”

“మనవరాలి మీద పేమతో కారు పీక నొక్కేసినావు” అన్నాను. పొలంలో వాళ్ళు తిరిగి చూసేంత గట్టిగా నవ్వాడు. రబ్బరు పీకేశాక ఆమదాలవలస స్టేషను దాకా వెళ్ళి వచ్చాం. ఒక్క దగ్గు లేదు. ఇంటికి రాగానే మీ నాన్నకి రబ్బరు చూపించి, “తప్పు నాదిరా, కారుది కాదు” అన్నాడు. ఇంకొకరైతే ఆ రబ్బరు దారిలోనే పారేసేవారు.

శృంగవరపుకోట నుంచి కిటికీలు దించుకుని వచ్చాం. వెనక ఇంజిను మోతకి మీ చెల్లి నా ఒళ్ళో కదలకుండా నిద్రపోయింది. మన గుమ్మం ముందు ఇంజిను ఆపగానే లేచి కేరుమంది.

“సూసేవా,” అన్నాడు బావ మీ నాన్నతో, “కారు ఆగితే దీనికీ నచ్చనేదు!”

మీ అమ్మ హారతి పళ్ళెం కోసం ఆగమంటున్నా వినలేదు. మళ్ళీ స్టార్టు చేసి, మీ చెల్లిని ఇంకో చుట్టు తిప్పుకొచ్చాడు.