బంపరుకు కట్టిన పడుగు

1963 డిసెంబరు 2, సోమవారం. గల్లీ పొడవు పద్దెనిమిది గజాలు. జహీరాబాద్ బజారు రోడ్డు మీద మొదలై, బీరమ్మ ఇంటికీ చెన్నబసప్ప ఇంటికీ నడుమ సాగి, గోడ దగ్గర ఆగిపోయే ఆ దారి సర్కారుది కాదు. రెండిళ్ల ఉమ్మడి సొత్తు. చెన్నబసప్పకు అది బండి దారి. గొంగళ్లు నేసే బీరమ్మకు అదే కార్ఖానా. మగ్గానికి ఎక్కించే ముందు ఉన్ని పడుగును, అంటే నిలువు పోగులను, పన్నెండు గజాలు సాగదీసి, చింతగింజల గంజి పట్టించి, ఎండలో ఆరబెట్టాలి. ఆమె వాకిట్లో అంత జాగా లేదు.

దసరా నుంచి గోడవారన బెల్లం వ్యాపారి రేవణసిద్ధప్ప లారీ నిలుస్తోంది. అది ఎనిమిది గజాలు మింగితే మిగిలేవి పదే. న్యాల్‌కల్ గొర్లకాపరులు నాలుగు గొంగళ్లు చెప్పిపోయారు. నెలాఖరుకు అందకపోతే మిల్లు రగ్గులు కొంటామన్నారు. ఒకసారి రగ్గులకు అలవాటుపడినవాళ్లు మళ్లీ తన గడప తొక్కరని బీరమ్మకు తెలుసు.

డ్రైవరు ప్రకాశాన్ని రెండుసార్లు అడిగింది. "సావుకారి పెట్టుమన్నడమ్మా, నా చేతిల ఏమున్నది?" అన్నాడతను. చెన్నబసప్ప తన బెల్లమంతా రేవణసిద్ధప్పకే వేస్తాడు. అందుకని, "జర ఓపిక పట్టు చెల్లె, సీజను కానీ," అని ముఖం తిప్పుకున్నాడు.

"సీజను అయ్యేదాక చలి ఆగుతదా అన్నా?" అంది బీరమ్మ.

ఆ సోమవారం పొద్దెక్కగానే ఆమె పడుగు ఒక కొసను లారీ బంపరుకు బిగించింది. రెండో కొసను రోడ్డు మీదికి రెండు గజాలు లాగి గుంజ పాతి కట్టింది. తోటికోడలు నారమ్మతో కలిసి చెరొకవైపు నిలబడి కుంచెలతో గంజి పట్టించింది.

ప్రకాశం చాయ్ తాగి వచ్చేసరికి పోగులు తడితో మెరుస్తున్నాయి.

"ఇదేందమ్మా! ఇప్పు, హైదరాబాద్ పోవాలె."

"ఆరినంక ఇప్పుత. తడి పడుగు వదులైతే పోగులన్నీ అతుక్కపోతయి. నువ్వు పో బిడ్డా, నిన్నెవరు కట్టేసిన్రు? లారీనే కట్టేసిన."

నారమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ప్రకాశం కత్తి తీయలేదు. పరిచిన పడుగును దాటడమే తప్పని ఆ చుట్టుపక్కల అందరికీ పట్టింపు. ఇక కోయడమన్న మాటే లేదు. రోడ్డు మీది రెండు గజాల పడుగు అడ్డుపడి బండ్లు ఆగాయి. ఆగినవాళ్లు కారణం అడిగారు. అడిగినవాళ్లు అక్కడే నిలబడ్డారు.

కబురంది రేవణసిద్ధప్ప ఊగిపోతూ వచ్చాడు. "బజారంతా నీ మగ్గమేనా? ఈ గల్లీ చెన్నబసప్పది. ఆయనే లారీ పెట్టుకోమన్నడు!"

బీరమ్మ కుంచె ఆపలేదు. "అన్న గడపలనే ఉన్నడు. అడుగున్రి."

అన్ని కళ్లూ అటు తిరిగాయి. చెన్నబసప్ప మెల్లగా మెట్టు దిగాడు. కాదంటే బెల్లం ధర పడిపోతుంది. అవునంటే ఉమ్మడి దారిలో బీరమ్మ వాటాను తన నోటితోనే కాలరాసినట్టవుతుంది.

"నేను పెట్టుకోమన్లే సావుకారీ. వద్దనలే, గంతే. అది నా తప్పు. గల్లీ ఇద్దరిది. ఆమె వద్దన్నంక నేను అవునన్నా చెల్లది."

"నీ బెల్లం ఎవరు కొంటరో చూస్త!"

"చూడు," అన్నాడు చెన్నబసప్ప.

ఎండ తిరిగి పోగులు ఆరి పెళపెళలాడేదాకా లారీ కదల్లేదు. అప్పుడు బీరమ్మ తానే ముడి విప్పి, "ఇగ పో బిడ్డా, భద్రం," అంది. ప్రకాశం లారీని బయటికి తీశాడు.

మరుసటి వారం లారీ హైదరాబాద్ సడక్ పక్కన నిలిచింది. రేవణసిద్ధప్ప బెల్లం ధర తగ్గించాడు. చెన్నబసప్ప తన బెల్లం దిమ్మెలను బండికెత్తుకుని, అక్కడ అమ్ముకుందామని రాయికోడ్ దారి పట్టాడు. బండి గల్లీ దాటేదాకా ఆగి, బీరమ్మ రెండో పడుగు పరిచింది.