ఇంజన్ ఆగితే లేచే మనిషి

మా మామయ్య ప్రభువునందు నిద్రించారని పోయిన మంగళవారం పొద్దున్న సంఘం వాట్సాప్ గ్రూపులో చదివాను. ఫోన్ అలాగే పట్టుకుని డెలానీపూర్‌లో మా ఆఫీసు మెట్ల మీద కూర్చుండిపోయాను. మామయ్య అంటే మా అమ్మ తమ్ముడు. ముప్పై ఏళ్ళకు పైగా మా దీవుల మధ్య తిరిగే ఓడల్లో, ఇంజన్ రూములో పనిచేశాడు. ఆ మోతలో పడుకుని పడుకుని ఆయనకొక అలవాటైంది. ఇంజన్ నడుస్తున్నంతసేపూ హాయిగా నిద్రపోతాడు, ఆగిందంటే చటుక్కున లేచి కూర్చుంటాడు. "ఏటయినాది? ఎందుకాగిపోనాది?" అంటాడు. పోయారనడానికి మా సంఘంలో వాడే ఆ నిద్రించారన్న మాట చదవగానే నాకు గుర్తొచ్చింది అదే.

రిటైరై ప్రోతరాపూర్‌లో ఇల్లు కట్టుకున్నాక కొబ్బరి మొక్కలు పెంచుకుంటాడని అందరం అనుకున్నాం. ఆయన వెళ్ళి స్పోర్ట్స్ కారు కొన్నాడు. రెండే తలుపులు, నేలకు అంటుకుపోయిన ఎత్తు, వెలిసిపోయిన ఎరుపు. బదిలీ మీద వెళ్ళిపోతున్న నేవీ ఆఫీసరొకాయన అమ్ముతున్నాడంటే హాడోకి తోడుగా నన్నూ తీసుకెళ్ళాడు.

"అంకుల్, యే బహుత్ చలీ హుయీ హై" అంటూ, బాగా తిరిగేసిన బండని ఆ ఆఫీసరు సిగ్గుపడుతూ మీటరు చూపించాడు. లక్షా ఎనభై ఆరు వేల కిలోమీటర్లు. మామయ్య ముఖం వెలిగిపోయింది. జేబులోంచి పసుపు పిడి స్క్రూడ్రైవర్ తీసి, కొస ఇంజన్ మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని చాలాసేపు విన్నాడు. "ఇంత నడిచీ ఆగలేదు! బహుత్ అచ్ఛా ఇంజన్, సాబ్!" అన్నాడు. ఎక్కువ తిరిగిందని బేరమాడాల్సిన చోట, ఎక్కువ తిరిగిందని మెచ్చుకుని అడిగినంతా ఇచ్చేసి వచ్చాడు. దారిలో నేను దెబ్బలాడితే, "ఓడల్లో ఎక్కువ గంటలు నడిచిన ఇంజన్నే నమ్ముతాం పాపా. కొత్తది ఎప్పుడేటి చేస్తాదో ఎవుడికి తెల్సు?" అన్నాడు.

ఊరంతా నవ్వింది. ఈ దీవిలో నాలుగో గేరు వేసేలోపు సముద్రం వచ్చేస్తుందన్నారు. అత్తయ్య ఆ కారెక్కనని ఒట్టేసుకుంది, అందులో కూర్చుంటే మళ్ళీ లేపడానికి హార్బర్ నుంచి క్రేన్ రావాలట. ఆవిడ అసలు బాధ వేరు. "ఇన్నేళ్ళ కాపరంలో నా గుండె మీద ఒక్కసారీ చెవి పెట్టి ఇన్లేదు గానీ, దానికి మాత్రం రోజూ పెడతాడు" అనేది. మూడు రోజులకోసారి నీళ్ళొచ్చే ఇంట్లో ఉప్పుగాలికి తుప్పు పట్టకుండా ఆ బండికి స్నానం ఒకటి. చూరు కింద బకెట్లు పెట్టి వాననీళ్ళు పట్టేవాడు. బండి మెరిసేది, ఆయన మాత్రం అరబకెట్టుతో సరిపెట్టుకునేవాడు.

ఆ ఏడే నేను ప్రోతరాపూర్ దిగువ మలుపులో స్కూటర్ మీంచి పడ్డాను. చెయ్యి అతుక్కుంది గానీ ధైర్యం అతుక్కోలేదు. ఎక్కడికైనా బస్సులోనే వెళ్ళేదాన్ని. మామయ్య ధైర్యవచనాలేమీ చెప్పలేదు. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక తాళం నా చేతిలో పెట్టి, పక్క సీట్లో కూర్చుని కళ్ళు మూసుకున్నాడు. నేను చెమటలు కక్కుతూ నడుపుతుంటే ఆయన గురకపెట్టాడు! క్లచ్ సరిగ్గా వదలక ఇంజన్ ఆగిపోయినప్పుడల్లా లేచేవాడు.

"ఏటి, ఆగిపోనాదా? కోయీ బాత్ నహీ. ఫిర్‌సే స్టార్ట్ చెయ్యి." అంతే, మళ్ళీ నిద్ర. మొదటి రోజు పదిహేనుసార్లు లేపుంటాను. ఒక్కసారీ విసుక్కోలేదు.

నాలుగేళ్ళలో నడపడం బాగానే వచ్చింది. ఆ మలుపు దగ్గరికి మాత్రం వెళ్ళలేదు, చుట్టూ తిరిగే పోయేదాన్ని. ఆయన గుండె జబ్బు ముదిరి స్టీరింగ్ పట్టడం మానేశాక ఒకటే కోరిక మిగిలింది. "మీటరు రెండు లక్షలవడం నా కళ్ళతో చూడాల" అనేవాడు.

మొన్న వానాకాలంలో ఒక పొద్దున్న ఆయనకు ఊపిరి ఆడలేదు. ఆసుపత్రికి చుట్టూ తిరిగి వెళ్ళే వ్యవధి లేదు. పళ్ళు బిగించి ఆ మలుపులోంచే పోనిచ్చాను. దాటాక గాని మీటరు వంక చూడలేదు. రెండు లక్షలా ఒకటి.

"అయ్యో మామయ్యా, అయిపోయింది! చూడలేదు మనం!"

ఆ రోజు ఆయన నిద్రపోలేదు. "నాను చూసినాను" అన్నాడు ఆయాసపడుతూ. "నువ్వు మలుపు చూసుకుంతన్నావు. నానేటి చెప్పి నీ కళ్ళు తిప్పీనా? దోనో కామ్, రెండు పన్లూ అయిపోనాయి."

అంతగా ఎదురుచూసిన సంబరాన్ని నా కోసం నోట్లోనే దాచుకున్నాడు. నాకు ఏ బళ్ళోనూ ఎవరూ అంత ప్రేమగా నేర్పలేదు.

ఆ గండం గడిచింది గానీ ఈసారి గడవలేదు. భూస్థాపన అయిన మూడో రోజు, సమాధుల తోటకు పూలు తీసుకెళ్దామని అత్తయ్య అంది. ఆటో పిలవబోతే వద్దంది. ఒట్టు తీసి గట్టున పెట్టి, నా భుజం పట్టుకుని మెల్లగా ఆ కారులో దిగబడింది, ఆయన సీట్లో. ముందు అరలోంచి పసుపు పిడి స్క్రూడ్రైవర్ తీసి ఒళ్ళో పెట్టుకుంది. మలుపు దాటాం. గేటు దగ్గర ఆపి, తాళం తిప్పబోయాను.

అత్తయ్య నా చెయ్యి పట్టుకుంది.

"ఆపేయకే పాపా. ఆపితే లెగిసిపోతాడు."

చెయ్యి వెనక్కి తీసుకున్నాను. గేటు అవతల కొత్త మట్టి మీద సన్నగా వాన పడుతోంది. అత్తయ్య కళ్ళు మూసుకుంది. ఇంజన్ నడుస్తూనే ఉంది.