నన్నడక్కుండా పంచిన అడ్రసు

ఈమెయిల్ అడ్రసు నేను ఒక పిల్ల కోసం పెట్టుకున్నాను.

ఆ పిల్లది కొల్లేటి లంక ఊరు. వాళ్ల నాన్న చేపల చెరువు మీద బతికే మనిషి. ఏలూరులో నేను సైన్సు చెప్పే ప్రైవేటు హైస్కూల్లో, హాస్టల్లో ఉండి పదో తరగతి చదివింది. ఇంటర్ కూడా ఏలూరులోనే పూర్తి చేసి, బియస్సీ మైక్రోబయాలజీలో చేరడానికి విశాఖపట్నం బయల్దేరింది. వాళ్లింట్లో ఫోను లేదు. అక్కడి హాస్టల్లో ఫోను దగ్గరేమో ఎప్పుడూ వరసేనట. "మెయిల్ రాసుకుందామండి టీచర్ గారూ, అక్కడందరూ అదేనంటండి" అంది.

ఇద్దరం పవర్‌పేట స్టేషను దగ్గర ఇంటర్నెట్ సెంటరుకి వెళ్లాం. కుర్చీలో నేను, పక్కన స్టూలు మీద తను. పాస్‌వర్డ్ అంటే ఏమిటో తనే చెప్పింది. చెప్పి, నేను టైపు చేస్తున్నంతసేపూ మొహం పక్కకి తిప్పుకుంది. తర్వాత ఆ అడ్రసు విషయంలో అంత మర్యాద నాకు మరెవరూ చూపించలేదు.

శనివారం బడి అయ్యాక, మా ఊరు తాడేపల్లిగూడెం వెళ్లే ప్యాసింజరుకి ఇంకా టైముంటుంది కాబట్టి, సెంటరుకెళ్లి తన మెయిల్ చదువుకునేదాన్ని. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు. సముద్రం ఉప్పు గాలికి జుట్టు జిగటగా అవుతోందని, హాస్టల్ సాంబారు మన కాలవ నీళ్లలా ఉందని, మైక్రోస్కోపు కింద నీటిబొట్టు చూస్తే కొల్లేరంతా అందులోనే కనిపించిందని రాసేది. నేను జవాబు రాసి రైలెక్కేదాన్ని. భీమడోలు దాటేదాకా ఆ మాటలే తల్చుకుంటూ కూర్చునేదాన్ని.

ఆ మరుసటేడు మా బడికి వెబ్‌సైట్ పెట్టారు. అలాంటివి అప్పుడప్పుడే మొదలవుతున్నాయి. పక్క స్కూలు వాళ్లు పెట్టారని మా కరస్పాండెంటు గారూ పెట్టించారు. పేజీ కింద "వివరాలకు సంప్రదించండి" అని నా పేరూ, నా మెయిల్ అడ్రసూ ఉన్నాయి. నన్నెవరూ అడగలేదు. స్టాఫ్ వివరాలు రాసిమ్మన్నప్పుడు ఇచ్చిన అడ్రసది. ఆయన గదికెళ్లి అడిగితే, "టీచర్లలో మెయిలున్నది మీకొక్కరికేనండి మేడం. నలుగురికీ తెలిస్తే మంచిదే కదండీ" అన్నారు, చాలా మెత్తగా. ఆఫీసు మెయిలుంది కదండీ, అది వేయించండి అన్నాను. అది ఆయన సొంతానికి వాడుకుంటున్నారట.

నెల తిరక్కుండా మొదలైంది. ఎక్కడో చచ్చిపోయిన మంత్రిగారి భార్య తన ఆస్తిలో నాకు వాటా ఇస్తానంటుంది. నేను కొనని లాటరీకి నాకు బహుమతి వస్తుంది. ఇవి నయం. మిగతావన్నీ మగవాళ్ల మందులు, బొమ్మలు, నోటితో అనలేని మాటలు. ఆ సెంటర్లో గదులంటే ప్లైవుడ్ చెక్కలే, సగం తలుపులే. వెనకనించి నడిచేవాడెవడైనా స్క్రీను చూడొచ్చు. నా వయసులో సగం లేని కుర్రాళ్లు అటూ ఇటూ తిరుగుతుంటే, నేను చీర కొంగు సర్దుకుంటూ స్క్రీనుకి అడ్డంగా కూర్చుని, ఒక్కొక్క దానికీ టిక్కు పెట్టి తీసేసేదాన్ని. ఆ చెత్త మధ్యలో పిల్ల మెయిల్ ఎక్కడుందో వెతుక్కోవడానికే అద్దె టైమంతా అయిపోయేది. ఒకరోజు సెంటరాయన నా వెనక నిలబడి, "ఇలాంటి సైట్లు మా దగ్గర చూడకూడదండి మేడం, పోలీసులొస్తే మాకు ఇబ్బందండి" అన్నాడు. అందరూ తిరిగి చూశారు. ఇవి నేను చూస్తున్నవి కావు, నా మీద విసిరినవి అని చెప్పాను. "సరేనండి, సరేనండి" అన్నాడు, నమ్మనివాళ్లు అనే తీరులో.

మళ్లీ కరస్పాండెంటు గారి దగ్గరికెళ్లాను. సైటు కట్టినతను హైదరాబాదులో ఉన్నాడని, ఈసారి వచ్చినప్పుడు మారుస్తాడని చెప్పారు. మూడోసారి అడిగినప్పుడు నవ్వారు. చెత్తొస్తే అవతల పారేసుకోవడమే కదండీ, దానికింత బాధెందుకన్నారు. ఆ నవ్వు చూసి నాకు ఒళ్లు మండిపోయింది. వాళ్ల గుమ్మం ముందు రోజూ ఎవరో పెంట పోసి వెళ్తుంటే ఆయన అలాగే నవ్వుతారా?

ఆ వేసవి సెలవులకి ముందు, ఒక మధ్యాహ్నం నన్ను ఆఫీసుగదికి పిలిచారు. అక్కడ ఒక పేరెంటు కూర్చుని ఉన్నాడు, ఊళ్లో పేరున్న వ్యాపారి. టేబులు మీద ప్రింటు తీసిన కాగితం బోర్లించి ఉంది. తిప్పి చూశాను. పైన నా అడ్రసు, కింద ఒక బూతు ప్రకటన. అతనికొక్కడికే కాదు, ఇంకా చాలామంది పేరెంట్లకి నా అడ్రసు నుంచి అదే వెళ్లిందట.

"మీరంటే మాకు చాలా గౌరవమండి మేడం" అన్నారు కరస్పాండెంటు గారు. "చెయ్యి తగిలి వెళ్లిపోయుండొచ్చు. పొరపాటు జరిగిందని ఒక్క ముక్క రాసిచ్చేస్తే, ఇక్కడితో అయిపోతుందండి."

"నేను పంపలేదండి."

"మీ పేరే ఉంది కదండీ" అన్నాడు ఆ పేరెంటు. నా మొహంకేసి చూడకుండా, గోడకి చెప్తున్నట్టు అన్నాడు.

పదిహేనేళ్లుగా పిల్లలకి పాఠం చెప్తున్నాను. మా నాన్నా అమ్మా కూడా మిషన్ బళ్లలో టీచర్లే. నోరు జారి ఒక మాటన్నానని ఎవరూ వేలెత్తి చూపించలేదు. ఇప్పుడీ కాగితం నా ముందు పెట్టి, తప్పు ఒప్పుకోమని అండీలు తగిలించి మరీ అడుగుతున్నారు. మా వైపు మాట మెత్తనని అందరూ మెచ్చుకుంటారు. ఆ మెత్తని మాటతో గొంతు నులమడం ఎంత తేలికో ఆ రోజు తెలిసింది.

కుర్చీ లాక్కుని కూర్చున్నాను. నన్నెవరూ కూర్చోమనలేదు.

"కవరు వెనకాల ఫ్రం అడ్రసు ఎవరి పేరైనా రాయొచ్చు కదండీ. మీ పేరు రాసి నేను కలెక్టరుగారికి పంపితే, అది మీరు రాసినట్టా?" అని అడిగాను. "పోనీ ఇది చెప్పండి. ఇది వెళ్లింది ఎవరెవరికి?"

కరస్పాండెంటు గారు పేర్లు చెప్పారు.

"వాళ్ల మెయిల్ అడ్రసుల్లో ఒక్కటి కూడా నాకు తెలియదండి. నాకెవరిచ్చారు? అవన్నీ, వాటితోబాటు నాదీ, కలిపి ఉన్నది ఒక్కచోటేనండి" అని, ఆయన పక్కనున్న కంప్యూటరు చూపించాను.

ఆయన మొహం ఎర్రబడింది. కంప్యూటరు అమ్మిన షాపు నుంచి మెకానిక్కుని పిలిపించమన్నాను. అతనొచ్చేదాకా ఆ గదిలోంచి కదలనన్నాను. సాయంత్రానికి వచ్చాడు. కాసేపు చూసి, వైరస్ ఉందన్నాడు. ఎవరో మెయిల్‌తో వచ్చిన ఫైలు తెరిచారట. అది లోపల దాచిన అడ్రసులన్నీ పోగుచేసుకుని, అందులోంచి ఒకరి పేరు పెట్టి మిగతావాళ్లకి పంపిస్తోందట. "బహుమతి వచ్చిందన్న మెయిల్ తెరిచారండి" అన్నాడు. ఆ కంప్యూటరు ముందు కూర్చునేది ఒక్కరే. ఆయన పైకి, ఫ్యానుకేసి చూశారు.

క్షమించమని ఆయన అనలేదు. పేరెంట్లందరికీ నిజం రాసి పంపించండి అంటే, "మళ్లీ కెలకడం ఎందుకండీ, వాళ్లే మర్చిపోతారు" అన్నారు. అందుకని పేరెంట్ల మీటింగు రోజు నేనే లేచాను. ఎవరూ మైకు ఇవ్వలేదు, అక్కర్లేకపోయింది. ఆ మెయిళ్లు ఏ గదిలోంచి వెళ్లాయో, నా అడ్రసు ఎవరు ఎవరినడిగి వీధిలో పెట్టారో, మూడుసార్లు చెప్పినా ఎందుకు తీయలేదో, పాఠం చెప్పినట్టే చెప్పాను. ఆ వ్యాపారి తలొంచుకుని కూర్చున్నాడు. బయటికొచ్చాక ఒకావిడ నా చెయ్యి పట్టుకుని, "నా భర్తతో అన్నానండి, ఆ టీచరు అలాంటిది కాదని" అంది. మరి అప్పుడే నాతో ఎందుకు అనలేదమ్మా అని నోటిదాకా వచ్చింది. ఆపుకున్నాను.

మర్నాడే పేజీలోంచి నా అడ్రసు పోయింది. హైదరాబాదు మనిషి ఏలూరు రాకుండానే.

కానీ అప్పటికే అది ఎన్ని చేతులు మారిందో, చెత్త ఆగలేదు. ఆ రోజుల్లో ఉచిత మెయిల్ పెట్టె చాలా చిన్నది. అది అంచుల దాకా నిండిపోయింది. శనివారం ఖాళీ చేస్తే సోమవారానికి నిండేది. విసిగి దాన్ని వదిలేసి, కొత్తది తెరిచి, మొదటి మెయిల్ ఆ పిల్లకే రాశాను. జవాబు లేదు. మళ్లీ రాశాను. హాస్టలుకి ఫోన్ చేస్తే, గది ఖాళీ చేసి వెళ్లిందన్నారు, ఎక్కడికో తెలియదన్నారు. వేరే హాస్టలుకి మారిందేమో అనుకున్నాను.

అది కొల్లేట్లో చేపల చెరువుల గట్లు కొట్టేసిన ఏడాది. సర్కారు మిషన్లు పెట్టి కొట్టించింది. సరస్సు బతకాలంటే తప్పదన్నారు. అది నిజమే కావచ్చు.

బళ్లు తెరిచాక ఒక పొద్దున్న ఏలూరు బస్టాండులో ఆ పిల్ల కనిపించింది. కైకలూరు బస్సు దిగిన ఆడవాళ్ల మధ్య, చేతిలో టిఫిన్ క్యారియరుతో. రొయ్యలు ఒలిచే షెడ్డుకి వెళ్తోంది. నన్ను చూసి చేతులు వెనక్కి పెట్టుకుంది. లాక్కుని చూశాను. ఐసులో నాని వేళ్ల కొసలు పాలిపోయి, అక్కడక్కడా చీరుకుపోయి ఉన్నాయి.

"చదువేమైందే?"

"నాన్న చెరువు పోయిందండి. ఫీజు కట్టలేం, వచ్చెయ్యమన్నారండి."

"నాకొక ముక్క రాయొద్దూ?"

"రాశానండి టీచర్ గారూ. నాన్నతో మీరొకసారి మాట్లాడితే వింటారని రాశానండి. తిరిగొచ్చేసిందండి. మళ్లీ రాస్తే మళ్లీ వచ్చేసిందండి. మీ పెట్టె నిండిపోయింది, ఇంక పట్టదు అనుందండి." "నేనే మరీ ఎక్కువ రాసేశాననుకున్నానండి."

నేను బడికి వెళ్లలేదు. అక్కడే బెంచీ మీద కూర్చుండిపోయాను.

ఆదివారం ప్రార్థన అయ్యాక లంకకి వెళ్లాను. వాళ్ల నాన్న పీట వేసి కూర్చోబెట్టాడు. తను నిలబడే మాట్లాడాడు. "మీకు రాసిందని చెప్పిందండి. మీరేమంటారోనని చూశామండి. మీ దగ్గర్నుంచి కబురు రాకపోయేసరికి, టీచరుగారికీ మాన్పించడమే మంచిదనిపించిందేమో అనుకున్నామండి."

ఆయనకి ఏమని చెప్పను? మీ అమ్మాయి మాటకి చోటు లేకుండా నా పెట్టె నిండా బూతు మందుల ప్రకటనలున్నాయని చెప్పనా? చెప్పాను. ఆయనకి అర్థం కాలేదు. నాకు మాత్రం అర్థమైందా? ఆ చెత్త పంపినవాడికి నేనెవరో తెలియదు, ఈ పిల్లెవరో తెలియదు. వాడిని తిట్టడానికి నా దగ్గర వాడి పేరు కూడా లేదు. మా కరస్పాండెంటు గారి పేరు మాత్రం ఉంది.

ఆయన వింటాడని పిల్ల రాసిన మాట నిజమే. విన్నాడు. విశాఖపట్నం సీటు పోయింది, మైక్రోబయాలజీ పోయింది, ఏడాది పోయింది. ఏలూరులోనే మామూలు బియస్సీలో చేర్చాం. తర్వాత లాబ్ టెక్నీషియన్ అయింది. బాగానే ఉంది. "అదే మంచిదైందిలెండి టీచర్ గారూ" అంటుంది, నన్ను ఓదార్చడానికి. నాకలా అనిపించదు.

ఆ గొడవ జరిగిన రెండేళ్లకి ఏలూరు తిరగలేక తాడేపల్లిగూడెంలోనే వేరే బళ్లో చేరాను. చేరిన రోజు ఆఫీసులో ఒకమ్మాయి, "మీ మెయిల్ ఐడీ చెప్పండి మేడం, బ్రోచర్లో వేస్తాం" అంది. వద్దన్నాను. అందరూ ఇచ్చారండి అంది. వాళ్లు ఇచ్చుకోనివ్వమ్మా, నాది మాత్రం వెయ్యొద్దు, వేశావంటే ఆ బ్రోచర్లన్నీ నేనే కూర్చుని చింపుతాను అన్నాను. ఆ అమ్మాయి బెదిరిపోయింది. పాపం, తన తప్పేమీ లేదు. కానీ నా గొంతు తగ్గించబుద్ధి కాలేదు.