గిరిజ టీచరు, రెండు వేయించిన గుడ్లు

జర్మనీలోని వోల్ఫ్స్‌బర్గ్ తెలుగువాళ్లలో గిరిజ టీచరు గొంతు ఎరగని పిల్లలు లేరు. జగిత్యాలలో ఏళ్ల తరబడి రెండో తరగతికి చెప్పిన గొంతు మరి! భర్త గంగాధరరావుకు కార్ల కంపెనీలో ఉద్యోగం దొరికాక బెత్తాన్ని అక్కడే వదిలి వచ్చింది కానీ, దాని పౌరుషాన్ని మాత్రం వెంట తెచ్చుకుంది. శనివారం శనివారం తన వంటింటి బల్ల చుట్టూ పిల్లల్ని కూర్చోబెట్టి తెలుగు చెప్పేది. ఆ కేకలకు ఒక్కొక్కరే జారుకుని, చివరికి ఆరేళ్ల అక్షయ ఒక్కతే మిగిలింది.

అక్షయ నోట తెలుగు ముక్క రాదు. ఏమడిగినా జవాబు జర్మనే. తల్లి అలివేలుమంగకు అదే బెంగ.

"నా కూతురు నాతో నా భాషలో ఒక్క మాటైనా మాట్లాడదా గిరిజక్కా? ఈ నెల చూస్తాను. రాకపోతే మాన్పించేస్తా" అంది కళ్లు తుడుచుకుంటూ.

ఈ ఒక్క పిల్లా పోతే తను ఇంకేం టీచరు, అనుకుంది గిరిజ.

ఆ వారమే గిరిజ కూతురు పూజిత బళ్లో రెఫరాట్, అంటే క్లాసు ముందు చిన్న ప్రసంగం, చెప్పాలని ఇంట్లో వల్లె వేస్తోంది. అమెరికా ఇంకా బ్రిటిష్‌వాళ్ల చేతిలో ఉన్న రోజుల్లో, జర్మనీ నుంచి పెన్సిల్వేనియా వెళ్లి స్థిరపడినవాళ్ల బడుల గురించట. అప్పట్లో బడంటే బెత్తమే. అయినా అక్కడో పంతులు బుజ్జగింపునే ఎక్కువ నమ్ముకున్నాడు. బాగా చదివినవాళ్లకు పిట్టబొమ్మ గీసిచ్చేవాడు. పిల్లకు అక్షరాలన్నీ వస్తే, తల్లి రెండు గుడ్లు వేయించి పెట్టాలని నియమం పెట్టాడు.

"గుడ్లు పెడితే చదువొస్తదా? మస్తు చెప్పొచ్చిండు!" గిరిజ మూతి తిప్పింది.

"నువ్ అరిస్తే వచ్చిందా మమ్మీ?" అంది పూజిత.

ఆ మాట చురుక్కున తగిలింది. శనివారం గిరిజ గొంతు తగ్గించి, వంకరటింకరగా ఓ పిచ్చుకను గీసి అక్షయ చేతిలో పెట్టి, గుడ్ల సంగతి చెప్పింది. పిల్ల కళ్లు చేటలంతయ్యాయి. వాళ్లింట గుడ్డు గడప తొక్కదు మరి!

పిల్లను తీసుకెళ్లడానికి వచ్చిన అలివేలుమంగ పకపకా నవ్వింది. "ముందు చదవనీ అక్కా! గుడ్లేం ఖర్మ, ఏనుగునే వేయించి పెడతా."

నెల తిరక్కుండానే అక్షయ అ నుంచి ఱ దాకా గడగడా అప్పజెప్పి, చేయి చాపింది. "త్స్వై ఐయర్!" రెండు గుడ్లట.

"లడ్డూ చేస్తానే బంగారం" అంది తల్లి. పిల్ల ససేమిరా అంది. జర్మనీలో పుట్టిన పిల్ల, నియమమంటే నియమమే!

"మాటంటే మాటే మంగా. నీ వంటింట్ల ఎందుకు, నా పొయ్యి మీదనే చెయ్" అంది గిరిజ.

అలివేలుమంగ చున్నీతో ముక్కు మూసుకుని, గోవిందా గోవిందా అంటూ గుడ్డు కొట్టింది. సగం పెంకు పెనంలోనే పడింది. గిరిజ నవ్వాపుకుంటూ ఏరేసింది.

అక్షయ ఒక ముక్క నోట్లో పెట్టుకుంది. నమిలింది. కషాయం తాగినట్టు మొహం పెట్టి పళ్లెం పక్కకు తోసింది.

"అమ్మా, ఇది బాలేదు. నాకు పప్పన్నం పెట్టు."

తెలుగులో!

అలివేలుమంగ చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది. నవ్వుతోందో ఏడుస్తోందో ఆమెకే తెలియడం లేదు. గిరిజకు కూడా కళ్లు మసకబారాయి.

"చూస్తవేంది మంగా? కుక్కర్ల పప్పున్నది. బిడ్డ అడిగింది, కలుపు!"