చెరుకు బండ్ల దగ్గర రేడియో

అరవైల చివర్లో నేను బోధన్ దగ్గర ఖండసారి చక్కెర తీసే ఒక చిన్న మిల్లులో గుమాస్తాని. రైతులు చెరుకు బండ్లు తోలుకొస్తే వరుస చీటీలు ఇవ్వడం నా పని. బండి కాంటా ఎక్కేసరికి ఒక్కోసారి పొద్దు వాలిపోయేది. అంతసేపు ఎండలో కూర్చుంటే ఎవరికైనా చిరాకే. నా బండి ముందంటే నా బండి ముందని మొదలై, ముల్లుగర్రలు పైకి లేచేవి. విడదీయబోయి ఎన్ని చొక్కాలు చింపుకున్నానో!

ఒకరోజు మా మిల్లు సేటుతో, ఆవరణలో ఒక రేడియో, మైకు పెట్టిద్దామన్నాను. ఆయన మంచివాడే. కానీ లాభం అడగందే ఎడ్లకు నీళ్ల గోలెం కూడా కొనడు.

"పాటింటే చెరుకుల రసం ఎక్కువొస్తదా?" అన్నాడు.

"రాదు సేట్."

"బండ్లు జల్ది దిగుతయా?"

"దిగయి."

"మరెందుకయ్యా?"

"కూసున్నోళ్లకు జర మంచిగుంటది."

నన్ను ఎగాదిగా చూశాడు. ఏమనుకున్నాడో, వారం తిరక్కుండా నిజామాబాద్ నుంచి రెండూ తెప్పించాడు. "సీజన్ అయ్యేలోపల ఫాయిదా సూపియ్యాలె. లేకుంటే అమ్మేస్త" అని షరతు పెట్టాడు.

మొదటి పాటకే ఎడ్లు బెదిరి ఒక బండి కాలువ గట్టెక్కింది. రెండో రోజుకి అవే ఎడ్లు మైకు కింద పడుకుని నెమరేశాయి. తగాదాలు పోలేదు గాని, తీరు మారింది. మహారాష్ట్ర సరిహద్దు అవతలి రైతులు మరాఠీ పాటలు పెట్టమనేవారు, మనవాళ్లు తెలుగు పాటలనేవారు. చివరికి వాళ్లే వంతులు వేసుకున్నారు. అంతకుముందు జీతగాడితో బండి పంపే ఒక పెద్ద రైతక్క, సద్ది కట్టుకుని తనే రాసాగింది.

సీజన్ ముగిసింది. సేటు పిలిచి, "ఏం లాభమొచ్చింది?" అన్నాడు. చెరుకూ అంతే, చక్కెరా అంతే.

"లెక్కల ఏం దొర్కలె సేట్" అన్నాను.

ఆఖరి బండితో వచ్చిన ఆ రైతక్క గుమ్మంలోంచి విన్నది. "రేడియో తీసేస్తరా? గట్లయితే వచ్చే యేడు నేనెందుకొస్త? జీతగాన్నే తోల్త."

"నువ్వొస్తే నాకేం లాభమమ్మా? చెరుకు గదే గదా!"

"నీ లాభం నాకేమెరుక సేట్? నాకైతే ఇంట్ల పని ఇడిసి జాతరకొచ్చినట్టుండె. యాభై ఏండ్లల్ల గిట్ల కూసున్నది లేదు."

సేటు పొట్ట కదిలేలా నవ్వాడు. "ఉండనీయ్ పో. కొన్ని లెక్కకు రావు" అన్నాడు నాతో.

మరుసటి యేడు ఆయన కుర్చీ కూడా బయటికొచ్చింది. సంతకం కోసం కాయితాలు పట్టుకుని వెళితే, చెయ్యెత్తి ఆపేవాడు.

"ఆగు, పాట కానియ్."

నేనూ బండి నొగ మీద కూర్చునేవాణ్ణి.