సబ్బు ఆరితేగానీ కదలడు

లోకంలో మనుషులు రైలు కోసం ఆగుతారు, వాన వెలిసేదాకా ఆగుతారు, పెళ్ళాం తయారయ్యేదాకా ఆగుతారు. మా బావ సబ్బు ఆరేదాకా ఆగుతాడు. తడి సబ్బును సంచీలో పెట్టడం ఆయన దృష్టిలో మహాపాపం. లాడ్జీకి నిప్పంటుకున్నా సరే, ముందు సబ్బు ఆరాలి, ఆ తర్వాతే మనం పరిగెత్తాలి. ఈ మనిషితో మా అక్క కాపురం చేస్తోంది, నేను ఉద్యోగం చేస్తున్నాను. ఇద్దరిలో ఎవరి కర్మ ఎక్కువ కాలిందో ఇంకా తేలలేదు.

బావ ప్యాకింగ్ మెషిన్ల మెకానిక్. బిస్కెట్లు, అగ్గిపెట్టెలు, మందుబిళ్ళలు, ఏ ఫ్యాక్టరీలో మెషిన్ మొరాయించినా ఆయనకే కబురొస్తుంది. పనిముట్ల సంచీ మోసుకుంటూ వెనకాల నేను. కనురెప్ప వేసేలోగా పది పొట్లాలు చుట్టి అవతల పారేసే మెషిన్లను ఆడించే ఈ మహానుభావుడికి ఒక్క సబ్బుబిళ్ళ చుట్టడానికి పూట పడుతుంది.

ఆ తతంగం ఇలా ఉంటుంది. తిరుగు ప్రయాణం రోజు పొద్దున్నే స్నానం చేసొచ్చి, గ్లాసు మీద దువ్వెన అడ్డంగా పెట్టి, దాని మీద సబ్బును కూర్చోబెడతాడు. కింద నుంచి కూడా గాలి తగలాలట. ఫ్యాను పెంచుతాడు. కాసేపటికి సబ్బును రెండో పక్కకు తిప్పుతాడు. మంచాన పడ్డ ముసలివాళ్ళను కూడా ఎవరూ అంత భద్రంగా పక్క మార్చరు. ఆరిందని నమ్మకం కుదిరాక పాత బనీను గుడ్డలో చుట్టి ప్లాస్టిక్ డబ్బాలో పెడతాడు. ఆ డబ్బాకు చుట్టూ డ్రిల్లుతో బెజ్జాలు వేసుకున్నాడు.

"బెజ్జాలెందుకు బావా? లోపల కోడిపిల్ల ఉందా?"

"గాలాడకపోతే చెమట పడుతుందిరా."

"సబ్బుకా?"

"మరి నీకా?"

డబ్బాకు రబ్బరు బ్యాండ్లు వేసి సంచీ లోపల పెడతాడా అంటే, అదీ లేదు. బయట వేలాడదీస్తాడు. నడుస్తుంటే అది టకటకా కొట్టుకుంటూ ఉంటుంది. ఫ్యాక్టరీ గేటు దగ్గర వాచ్‌మన్ తలెత్తకుండానే ఆ చప్పుడు విని, "సబ్బు మెకానిక్ వచ్చాడు" అని లోపలికి కేకేస్తాడు. ఆయన వెనక నడిచే నన్ను ఏమంటారో నేను అడగలేదు.

ఒకసారి బస్సుకు టైమైపోయింది, సబ్బు ఆరలేదు. వదిలేసి పోదామంటే వినే రకమా! తడి సబ్బును దువ్వెన మీద పెట్టుకునే బస్సెక్కి, కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి గాలికి పట్టుకున్నాడు. కండక్టర్ వచ్చాడు.

"చెయ్యి లోపల పెట్టండి."

"ఆరగానే పెట్టేస్తాను."

"ఏం ఆరాలి?"

"సబ్బు."

కండక్టర్ నావైపు తిరిగి, "మీ మనిషేనా?" అన్నాడు.

"ఈయనెవరో నాకు తెలీదండీ."

"మా బామ్మర్దేనండీ. వాడికి కొంచెం సిగ్గు," అన్నాడు బావ, చెయ్యి లోపలికి తియ్యకుండానే. ఈలోగా నురగ ఎగిరి వెనక సీటాయన కళ్ళజోడు మీద పడింది. ఆయన తిట్టిన తిట్లన్నీ నేనే పడ్డాను, ఎందుకంటే బావ దృష్టంతా సబ్బు మీదే ఉంది.

పోనీ అదేమైనా బంగారపు ముద్దా అంటే, మా అమ్మ చేసిన సబ్బు. చూస్తే ఎవరో తొక్కిన మట్టిబెడ్డలా ఉంటుంది. అమ్మ ఒకప్పుడు సబ్బుల ఫ్యాక్టరీలో బిళ్ళలకు చేత్తో కాగితం చుట్టే పని చేసేది. తర్వాత ఆ పనికి మెషిన్ వచ్చింది, చుట్టే ఆడవాళ్ళందరినీ ఇంటికి పంపేశారు. ఆ మెషిన్ బిగించడానికి వచ్చినవాడు ఎవరో కాదు, మా బావే. అమ్మ ఆయన పనితనం చూసి ముచ్చటపడి, వాకబు చేసి, అక్కనిచ్చి పెళ్ళి చేసింది. ఉద్యోగం పోయింది, అల్లుడు వచ్చాడు. ఈ బేరంలో మనకు లాభమా నష్టమా అని అడిగితే అక్క చేతికందింది విసురుతుంది.

చేతులు ఊరుకోక అమ్మ ఇంట్లో సబ్బు చెయ్యడం మొదలుపెట్టింది. చిక్కల్లా ఒక్కటే. ఆవిడకు సబ్బు చుట్టడం వచ్చు, చెయ్యడం రాదు. నూనెలో కాస్టిక్ సోడా నీళ్ళు పోసి తన ఓపికున్నంతసేపు తిప్పి ఆపేస్తుంది. నెల పైన ఆరాల్సిన సరుకును వారం తిరక్కుండా వాడకానికి ఇచ్చేస్తుంది. కాగితం మాత్రం దివ్యంగా చుడుతుంది. పైన పటారం, లోన లొటారం! నీళ్ళ చుక్క తగిలితే చాలు కరిగిపోతుంది. మా ఇంట్లో దాంతో గచ్చు కడుగుతాం. అక్క ఒకటి స్నానాలకు వాడితే మూడోనాటికి సబ్బుపెట్టెలో జావ మిగిలింది. అది అమ్మ కంట పడింది. అచ్చులు అటకెక్కాయి, ఆవిడ గోడవైపు తిరిగి పడుకుంది. పిలిస్తే పలకదు, పెడితే తినదు. ఇంట్లో అందరికీ భయం పట్టుకుంది.

అప్పుడు బావ వెళ్ళి, "అత్తయ్యా, ప్రయాణాల్లో నాకు మీ సబ్బే కావాలి. లాడ్జీ సబ్బులు పడట్లేదు," అన్నాడు. అంతే, అచ్చులు అటక దిగాయి. అప్పటినుంచి ఊరెళ్ళే ముందు అమ్మ ఒక సబ్బు ఇస్తుంది, తిరిగి రాగానే మిగిలిన ముక్క తెమ్మంటుంది. బొటనవేలితో నొక్కి చూసి, "ఊఁ, ఇంకా ఉందే!" అంటుంది. ఆ పూటే మళ్ళీ నూనె గిన్నె తీస్తుంది. ముక్క తిరిగి రాని రోజు అచ్చులు మళ్ళీ అటకెక్కుతాయని ఇంట్లో అందరికీ తెలుసు. అయినా నా లెక్క వేరు. ఊరికే వస్తే ఫినాయిలైనా తాగే రకం మా బావ. సబ్బు ఖర్చు మిగులుతుంది, అత్తగారి దగ్గర మార్కులు పడతాయి, అందుకే ఈ వేషాలన్నీ అనుకునేవాణ్ణి. అమ్మ ఆరబెట్టకుండా ఇచ్చినదాన్ని ఈయన ఊరూరా తిప్పి ఆరబెట్టి తెస్తున్నాడు, అంతే కదా!

పోయిన నెల ఒక బిస్కెట్ ఫ్యాక్టరీ పని మీద వెళ్ళాం. ఆఖరి రోజు సబ్బును దువ్వెన మీద ఆరబెట్టి, మెషిన్ మరోసారి నడిపి చూసొద్దామని ఇద్దరం వెళ్ళాం. తిరిగొచ్చేసరికి గది తళతళలాడిపోతోంది. గ్లాసు ఉంది, దువ్వెన ఉంది. సబ్బు లేదు.

బావ వరండాలోకి పరిగెత్తి, గదులు ఊడ్చే ఆమెను పట్టుకున్నాడు.

"అమ్మా, దువ్వెన మీద ఒక సబ్బు ఉండాలి."

"ఆ నల్లముక్క సబ్బా అయ్యా? పారేసేదనుకుని మీ బాత్రూం కడిగేశాను. మొత్తం అయిపోయింది. కానీ భలే వదిలిందయ్యా మురికి! ఇంకోటుంటే ఇచ్చి వెళ్ళండి."

అమ్మ సబ్బును మెచ్చుకున్న మొదటి మనిషి ఆమె. నేను పడీపడీ నవ్వాను. బావ నవ్వలేదు. వచ్చి మంచం మీద కూలబడ్డాడు.

"పీడ విరగడైంది, పద బావా. ఇవాళైనా టైముకి బస్సెక్కుదాం."

"అత్తయ్యకి ఏం చూపించనురా?"

"పోయిందని చెప్పు."

"కరిగిపోయిందనే అనుకుంటుంది. మళ్ళీ గోడవైపు తిరుగుతుంది."

"అయితే మాత్రం? అత్తగారికి ఇంత భయపడే మొగాణ్ణి నిన్నే చూశాను."

"భయం కాదురా. మీ అమ్మ సబ్బు చుడుతుంటే నువ్వెప్పుడైనా చూశావా? నేను చూశాను. ఏ మడత ముందు, ఏ మూల ఎంత, ఆ మెషిన్‌కి కొలతలన్నీ ఆవిడ చేతుల దగ్గరే తీసుకున్నాను. 'ఇలా కాదు బాబూ, మళ్ళీ చూడు' అని నాకోసం మెల్లగా చుట్టి చూపించింది. అంతా నేర్చుకుని, ఆ చేతులకే పని లేకుండా చేశాను. ఇప్పుడు ఆవిడకి మిగిలింది ఈ ముక్కేరా. దీన్నైనా కాపాడుకోవద్దూ?"

నాకు ఏడుపొచ్చినంత పనైంది. బావను చూసి జాలిపడటం నాకు అలవాటు లేని పని కాబట్టి కసిరాను.

"ఇలా కూర్చుంటే సబ్బు పుడుతుందా? లే, కొట్టుకి పద."

లాడ్జీ పక్క కొట్లో, పేరూ ముద్రా లేని విరిగిన సబ్బుబిళ్ళలు బుట్టలో పోసి విడిగా అమ్ముతున్నారు. బావ ఒకటి ఏరాడు. గదికొచ్చి స్క్రూడ్రైవర్‌తో మూలలు చెక్కాడు, గరుకు కాగితంతో అరగదీశాడు. రంగు కోసం నేను టీ తెచ్చి పూశాను. ఫ్యాక్టరీలో పుట్టిన అందమైన సబ్బును మా అమ్మ చేసినంత అనాకారిగా మార్చడానికి ఇద్దరికీ తలప్రాణం తోకకొచ్చింది. ఎంత చెక్కినా ఇంకా కాస్త బాగానే కనిపిస్తోంది! చివరికి బావ దాన్ని చెప్పుతో ఒక్క తొక్కు తొక్కాడు. అప్పుడు కుదిరింది. ఆ తర్వాత ఏం చేశాడనుకున్నారు? టీ తడి ఆరాలని దాన్ని ఫ్యాను కింద పెట్టాడు. ఆ బస్సూ పోయింది.

ఇల్లు చేరగానే అమ్మ చెయ్యి చాపింది. బావ డబ్బా ఇచ్చాడు. మెషిన్ కింద దూరి పనిచేస్తున్నప్పుడు కూడా ఆయనకు అంత చెమట పట్టగా నేను చూడలేదు. అమ్మ బనీను గుడ్డ విప్పి, బొటనవేలితో నొక్కింది. వేలు దిగలేదు. గట్టిగా నొక్కింది. ఊహుఁ. ముక్కు దగ్గర పెట్టుకుంది. అల్లుడి మొహంలోకి చూసింది.

"అబ్బో, గట్టిపడిందే! ఈసారి పాకం కుదిరింది అల్లుడుగారూ."

"నేను చెప్పలేదూ అత్తయ్యా!" అన్నాడు బావ. మొహం చేటంత చేసుకుని కాళ్ళు కడుక్కోవడానికి పోయాడు.

అమ్మ వంటింట్లోకి వెళ్ళి నూనె గిన్నె తీసింది. వెనకే వెళ్ళాను. మా మోసం ఇంత సులువుగా పారిందంటే నాకే నమ్మకం కలగలేదు.

"ఏంటి, అలా చూస్తున్నావు?" అంది అమ్మ, గొంతు తగ్గించి. "ఇది మా ఫ్యాక్టరీ సబ్బు. కాగితం లేకపోతే మాత్రం నాకు తెలియదా? ఏళ్ళ తరబడి ఈ వాసనతోనే ఇంటికొచ్చి మీకు ముద్దలు కలిపి పెట్టాను."

"మరి పాకం కుదిరిందన్నావు?"

"ఎంత కష్టపడి చెక్కాడో చూశావా! అంత చేసిన మనిషిని పట్టుకుని దొంగా అంటానా?"

"అమ్మా, నీ సబ్బు ఇప్పటికీ కరుగుతుందని నీకు తెలుసా?"

"తెలియకేం? నేను దాంతో ఒళ్ళు రుద్దుకోవడం ఎప్పుడైనా చూశావా? దురద!"

"అయితే ఇదంతా ఎందుకే తల్లీ?"

"నేను మానేస్తే ఆ మెషిన్ సంగతి మళ్ళీ తవ్వుకుని కుమిలిపోతాడురా, పిచ్చివాడు. నాకు కోపముంటే పిల్లనిస్తానా? నా చేతిపని అంత శ్రద్ధగా చూసినవాడు ఆ ఫ్యాక్టరీలో ఇంకొకడు లేడు."

ఆయన ఆవిడ కోసం, ఆవిడ ఆయన కోసం! ఇద్దరి మధ్యా బస్సులు తప్పిపోయినవాణ్ణి నేను. ఇద్దర్నీ నిలబెట్టి నాలుగు దులపాలనిపించింది, ఆ పైన ఇద్దరి కాళ్ళకూ దణ్ణం పెట్టాలనీ అనిపించింది. రెండిట్లో ఏదీ చేసేలోగా అమ్మ గరిటె నా చేతిలో పెట్టింది.

"ఊరికే నిలబడకుండా తిప్పు."

తిప్పాను. కాసేపటికి జబ్బ లాగడం మొదలైంది.

"ఇంకా ఎంతసేపు తిప్పాలమ్మా?"

"ఏమో, నాకేం తెలుసు? నేను చుట్టే డిపార్టుమెంటు. నువ్వు తిప్పు."