సారు ఎంచని రాష్ట్రం

సిద్దిపేటల మాకు మొబైల్ యాప్‌లు చేసుడు నేర్పిన సారుది కొండపాక. మా బ్యాచ్ చేసిన మొదటి యాప్ మా ఇన్‌స్టిట్యూట్‌ల ఉన్నోళ్ల పేర్ల జాబితా. ఫారం నింపితే జాబితాల చేరుతం. అందరం చేరినం, ఒక్క సారు తప్ప.

సారు పేరు రాసేటోడు, ఊరు రాసేటోడు, రాష్ట్రం దగ్గరికొచ్చి ఆగేటోడు. డ్రాప్‌డౌన్ కిందికి గుంజి, అండ్లున్న రాష్ట్రాల పేర్లన్నీ ఒకసారి చూసి, ఏదీ ఎంచకుండ మూసేటోడు. "రాష్ట్రం ఎంచుకోండి" అని ఎర్రక్షరాలొచ్చేటివి. ఫారం ముందుకు పోకపోయేది.

"ఉన్నదే ఎంచున్రి సార్, మేమందరం గట్లనే చేసినం" అన్న నేను.

"మీరు చేసిన్రు. నేను ఆగుత బిడ్డా" అన్నడు.

ఉద్యమం రోజులవి. సారుకు నా మీద కోపమొచ్చింది ఒక్కసారే, రాష్ట్రాల పేర్లు డ్రాప్‌డౌన్‌లనే రాసిపెట్టిన నాడు.

"గట్ల రాస్తే, రేపు ఒక పేరు కలపాలంటే అందరి ఫోన్లల్ల యాప్ మళ్ల ఎక్కియ్యాలె. పేర్లను సర్వర్ల ఒక పట్టికల పెట్టు, డ్రాప్‌డౌన్‌ను ఆ పట్టికకు కట్టు. అండ్ల ఒక్క పేరు పెరిగితే అందరికీ కనవడాలె."

ఆ రోజంతా కూసోని మార్చిన.

రాష్ట్రమొచ్చిన నాడు బజార్ల పటాకులు కాలుస్తున్నరు. సారు లోపల కూసోని పట్టిక తెరిచి ఒక్క పేరు చేర్చిండు. మా ఫోన్లన్నిట్ల తెలంగాణ అని వచ్చింది. సారు తొందరపడలే. ఎప్పటి తీర్గనే పేరు రాసిండు, ఊరు రాసిండు, డ్రాప్‌డౌన్ గుంజిండు. ఈసారి మూయలే.

జాబితాల మా అందరి కింద, ఆఖరున, సారు పేరు వచ్చి చేరింది.